చేటెడు తవుడు

నాకు రెండు పేర్లు. బాప్తిస్మమప్పుడు పాస్టరు అయ్యగారు పెట్టిన పేరు కృపమ్మ. అంతకు ముందే మా అమ్మమ్మ పెట్టేసిన పేరు పెంటమ్మ. ఆ రెండో పేరు ఎలా వచ్చిందో తెలిస్తేగాని నా జబ్బు సంగతి అర్థం కాదు. అందుకని ముందు అదే చెబుతాను.

వరసగా పుట్టిన పిల్లలు దక్కకుండా పోతే, ఆ తర్వాత పుట్టిన బిడ్డని చేటలో పెట్టి పెంటకుప్ప మీద పడుకోబెట్టడం మా వైపు పాత ఆచారం. ఇంటికి సంబంధం లేని మనిషి వచ్చి ఆ బిడ్డని ఎత్తుకుని, గుమ్మం దగ్గర నిలబడి, "ఈ బిడ్డ నాకు దొరికింది, కొంటావా?" అని తల్లిని అడగాలి. తల్లి చేటెడు తవుడు పోసి తన బిడ్డని తనే కొనుక్కోవాలి. పారేసిన బిడ్డ, తవుడుకి వచ్చిన బిడ్డ, మనకెందుకులే అని మృత్యువు కూడా పక్కింటికి పోతుందని వాళ్ల నమ్మకం. నాకు ముందు మా అమ్మకి ముగ్గురు పోయారు.

మా ఇంట్లో అలాంటిది జరగడం వింతే. ఎందుకంటే మా నాన్న ఆ పల్లెకి ఉపదేశి. వారమంతా మిషను బడిలో మేష్టరు, ఆదివారం చర్చిలో బోధకుడు. తాయెత్తుల మీదా దిష్టి మీదా ఆయన ప్రసంగం అందుకుంటే కిటికీ అవతల గేదెలు కూడా నెమరు వెయ్యడం ఆపి వినేవి. ఇంట్లో పెంటమ్మ అన్న మాట వినబడితే చాలు, నాన్న మొహం ముడుచుకుపోయి లేచి బయటికి వెళ్లిపోయేవాడు. పేటలో ఆడపిల్లలు ఆ పేరు పెట్టి నన్ను ఏడిపించేవాళ్లు. నా పుట్టుకే ఒక సిగ్గుమాలిన పని అనీ, నాన్న దాన్ని క్షమించలేకపోతున్నాడనీ అనుకుంటూ పెరిగాను.

నాకు టైఫాయిడ్ వచ్చి ఆరేళ్లయింది. మంచాన పడ్డవాళ్లకి చదివే ఓపిక ఉండదు. మంచం పక్కన కూర్చుని ఒకరి మీద ఒకరు విసుక్కునేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

జూలై, నలభై మూడు

కాలువకి కొత్త నీళ్లు వచ్చాయి. గన్నవరం దగ్గర మా పల్లె చుట్టూ నారుమళ్లు పచ్చబడ్డాయి. నాకు పద్దెనిమిదేళ్లు. బెజవాడలో టీచరు ట్రైనింగుకి నన్ను పంపాలని నాన్న అన్నీ సిద్ధం చేశాడు. తండ్రీ కూతురూ ఒకే బడిలో చెరో గదిలో పాఠాలు చెప్పాలని ఆయన కల. మా బడికి ఉన్నది ఒక్కటే గది అన్న సంగతి ఆ కలకి ఏమీ అడ్డు రాలేదు.

జ్వరం మెల్లగా వచ్చింది. ముందు తలనొప్పి, తర్వాత ఒళ్లు నొప్పులు, ఆ తర్వాత గదిలో గోడలు దగ్గరకొస్తున్నట్టూ వెనక్కి పోతున్నట్టూ ఉండేది. "లంఖణం పరమౌషధం, మెతుకు ముట్టనివ్వొద్దు" అని అమ్మమ్మ గుమ్మంలో కాపలా కూర్చుంది. అల్లం కషాయం తప్ప నా నోట్లోకి ఏదీ వెళ్లలేదు.

చర్చి సంఘంలోవాళ్లు రోజూ వచ్చేవాళ్లు. మంచం చుట్టూ నిలబడి, "మేష్టారూ, మీరు ప్రార్థన చెయ్యండి" అనేవాళ్లు. నాన్న తల అడ్డంగా ఊపి, "మీరు కానివ్వండి" అని వరండాలోకి వెళ్లిపోయేవాడు. జ్వరంలోనూ ఆ మాట నాకు తెలుస్తూనే ఉండేది. ఎవరి గేదె ఈనకపోయినా మోకాళ్లూని ప్రార్థించే మనిషి, కన్నకూతురికి ఒక్క మాట ఖర్చు పెట్టడేమిటి? నాకు జ్వరం కంటే అదే ఎక్కువ బాధగా ఉండేది.

నాలుక ఎండి మాట తడబడుతుంటే, ఇక లాభం లేదని బెజవాడ ప్రయాణం కట్టారు. రైలుకి తీసుకెళ్దామంటే యుద్ధం రోజులు, పెట్టెల నిండా సిపాయిలే. అందుకని ఏలూరు కాలువలో పడవ మీద తీసుకెళ్లారు. ఎదురునీటికి గట్టు మీద మనుషులు తాడు కట్టి లాగుతున్నారు. వాళ్లు పాడుతున్న పాట నేనున్నానని చూసి ఆపేశారు. పాడమని చెప్పమ్మా అన్నాను. అమ్మ చెప్పింది. మళ్లీ పాడారు, కాస్త గొంతు తగ్గించి.

ఆగస్టు

ఆసుపత్రి వరండాలో బల్లలన్నీ నిండిపోయి జనం నేల మీద కూర్చున్నారు. మమ్మల్ని పిలవడానికి చాలాసేపు పట్టింది. మంగళగిరి నుంచి వచ్చిన సాలెవారి ఆవిడ పక్కనే ఉంది. నేను అమ్మ ఒళ్లో తల నిలపలేకపోతుంటే, మీరెవరు, ఎవరి తాలూకు అని అడగకుండానే తన మూటలోంచి కొత్త చీర ఒకటి తీసి, మడతపెట్టి నా తల కింద పెట్టింది. "అమ్మకానికి తెచ్చుకున్న చీరేమోనమ్మా, నలిగిపోద్ది" అంది మా అమ్మ. "నలిగితే ఇస్త్రీ చేస్తే పోద్ది. పిల్ల మెడ నలగ్గూడదు గదా" అంది ఆవిడ. ఆ కొత్తబట్ట వాసన నాకు ఇప్పటికీ గుర్తు.

వార్డులో నర్సు శాంతమ్మ. పొడుగాటి మనిషి, పెద్ద గొంతు. ఆమె నడిచొస్తుంటే మంచాల మీద పడుకున్నవాళ్లు కూడా సర్దుకుని పడుకునేవాళ్లు. అంత గొంతూ నా మంచం దగ్గరికొచ్చేసరికి తగ్గిపోయేది. తడిగుడ్డ వేలికి చుట్టి నా పళ్లూ నాలుకా తుడిచేది. జుట్టు చిక్కులు కట్టి రాలిపోతుంటే తలంతా గొరిగించారు. నేను ఏడుస్తుంటే, "ఊరుకోవే. జుట్టు గడ్డిలాంటిది, కోసిన చోట మళ్లీ వస్తుంది" అంది. తన పాత తెల్లగుడ్డ ఒకటి తెచ్చి నా తలకి కట్టింది.

ఆ నెలాఖరుకి జ్వరం దిగింది. అందరికీ ప్రాణం లేచొచ్చింది. తాము చెప్పేదాకా పాలూ బార్లీ నీళ్లూ తప్ప మరేదీ పెట్టొద్దని డాక్టరమ్మగారు గట్టిగా చెప్పి వెళ్లారు. అయితే జ్వరం విడిచిన మనిషికి పథ్యం పెట్టకపోతే వాతం కమ్ముతుందని అమ్మమ్మకి తెలుసు. ఆమెకి ఆమె తల్లి చెప్పింది, తల్లికి ఆమె తల్లి చెప్పింది. ఆసుపత్రి వెనక వంటల పాకలో పాతబియ్యం మెత్తగా వండి, బీరకాయ కూర చేసి, కొంగు చాటున గిన్నె పెట్టుకుని వచ్చింది.

"నాలుగు ముద్దలే తల్లీ. బతికుంటే బలుసాకు తినొచ్చంటారు. బతికావు గదా, బీరకాయ తిను" అని మురిసిపోయింది.

నాకు అన్నం వాసన తగిలి కళ్లమ్మట నీళ్లొచ్చాయి. గిన్నె ఊడ్చి తినేదాకా వదల్లేదు.

జ్వరం తిరగబెట్టింది. ఈసారి ముందటికంటే ఎక్కువగా వచ్చింది. టైఫాయిడ్ తగ్గినట్టు కనిపించినా లోపల పేగుల్లో పుండు మానదనీ, గట్టి పదార్థం పడితే ప్రాణం మీదికి వస్తుందనీ డాక్టరమ్మగారు నాన్నకి చెబుతుంటే, అమ్మమ్మ గోడకి అంటుకుపోయి నిలబడింది. ఇది చదివేవాళ్లు దయచేసి గుర్తుపెట్టుకోండి. పథ్యం ప్రేమతోనే పెడతారు. కానీ డాక్టరు పెట్టమన్న రోజున పెట్టండి.

నాన్న అంతగా అరవడం నేను ఎప్పుడూ వినలేదు.

"చాలలేదా అత్తా నీకు? పుట్టగానే దిబ్బ మీద పారేశావు, అది చాలలేదా? నీ ఆచారాలు దీన్ని చంపేదాకా వదలవా?"

అమ్మమ్మ గిన్నె చేత్తో పట్టుకునే బయటికి వెళ్లి, మరునాటి పడవకి ఊరికి వెళ్లిపోయింది. దిబ్బ సంగతి నాన్న నోట వినడం నాకు అదే మొదటిసారి.

సెప్టెంబరు

ఈసారి నేను బతకనేమోనని అందరూ అనుకున్నారు, నేనూ అనుకున్నాను. చావంటే భయం కంటే, నాన్న నన్ను సరిగ్గా చూడకుండానే పోతానేమోనన్న దిగులు ఎక్కువగా ఉండేది. ఆయన పొద్దున్నుంచి వరండాలో, ఆసుపత్రి గోడవతల కొండకేసి చూస్తూ కూర్చునేవాడు. లోపలికి వచ్చినా నా కాళ్ల వైపే నిలబడేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం అమ్మ నా అరికాళ్లు రాస్తుంటే అడిగేశాను. "అమ్మా, నేను అలా పుట్టాననా నాన్న నాకోసం ప్రార్థన చెయ్యడు?"

అమ్మ రాయడం ఆపింది. చెప్పడం మొదలుపెట్టింది.

"ఆ రోజు నిన్ను ఎత్తుకోడానికి చాకలి మంగమ్మ రావాలి. మాటిచ్చింది గాని రాలేదు. సన్నగా వాన మొదలైంది. నువ్వు చేటలో ఒకటే ఏడుపు. పరాయివాళ్లు ఎత్తుకునేదాకా నేను గుమ్మం దాటకూడదంది మీ అమ్మమ్మ. ఆ ఏడుపు వింటా ఎట్టా పడుకున్నానో నాకే తెలుసు. అంతలో పక్కపేటలో ప్రార్థన చూసుకుని మీ నాన్న వచ్చారు. దిబ్బ మీద చేట చూశారు. నిన్నెత్తి పైపంచెలో చుట్టుకుని గుమ్మంలోకి వచ్చారు. కోపంతో వణికిపోతన్నారు."

"తర్వాత?"

"ఇంటాయన ఎత్తుకుంటే చెల్లదని అమ్మమ్మ నెత్తి బాదుకుంది. నేనేమో, ఏమండీ, ముగ్గుర్ని మట్టిలో పెట్టి వచ్చాం, దీన్ని నన్ను కొనుక్కోనివ్వండి అని ఏడ్చా. ఆయన చాలాసేపు ఆ వానలోనే నిలబడ్డారు. నీ మొహం చూశారు, నా మొహం చూశారు. ఆఖరికి ఆ మాట ఆయనే అన్నారు."

"ఏ మాట?"

"ఈ బిడ్డ నాకు దొరికింది, కొంటావా అని. నేను తవుడు పోశాను. పైపంచె పట్టి పోయించుకున్నారు. తర్వాత కాలువకి పోయి ఎంతసేపు కడుక్కున్నారో ఆ చేతులు. చాలా ఆదివారాలు సంస్కారం బల్ల దగ్గర రొట్టె తీసుకోడానికి పోలేదు. మంగమ్మే ఎత్తుకుందని ఊళ్లో అందరూ అనుకుంటారు. నిన్ను అమ్మినవాణ్ణి, ఏ మొహం పెట్టుకుని దేవుణ్ణి అడగను అంటారు ఆయన. అదమ్మా సంగతి."

అమ్మ మళ్లీ అరికాళ్లు రాయసాగింది. నేను కప్పుకేసి చూస్తూ పడుకున్నాను. పద్దెనిమిదేళ్లుగా నేను దిబ్బ మీద పారేసిన పిల్లననే అనుకున్నాను. ఎవరో వచ్చి ఎత్తుకున్నారన్నది కూడా ఆ కథలోనే ఉందని నాకు ఎప్పుడూ తట్టలేదు. అందులోనూ తన మాట, తన మర్యాద, తన ప్రసంగాలన్నీ ఆ వానలో వదిలేసి ఎత్తుకున్నది మా నాన్న. అంత జ్వరంలోనూ నాకు సంతోషం వేసింది. పుట్టినందుకు సంతోషం వేయడం నాకు అదే మొదలు.

ఆ సాయంత్రం నాన్న వచ్చి కాళ్ల వైపు నిలబడ్డాడు.

"నాన్నా, ఇటు తలవైపు రా. ప్రార్థన చెయ్యి."

"నోరు పెగలటం లేదమ్మా."

"అయితే నేను చేస్తాను. నువ్వు ఆమెన్ అను చాలు."

గట్టిగా చెప్పే ఓపిక లేదు. నన్ను పుట్టించినందుకు స్తోత్రమన్నాను. దిబ్బ మీద వదిలెయ్యకుండా, ఎత్తుకునే చేతుల్ని వానలో పంపినందుకు స్తోత్రమన్నాను. ఆ చేతుల మీద నీకు కోపం లేదని ఆయనకి తెలియజెయ్యి ప్రభువా అన్నాను. ఇంకా ఏదో అనబోయాను గాని దగ్గొచ్చింది. నాన్న మంచం పట్టె మీద తల ఆనించి, భుజాలు అదిరేలా ఏడ్చాడు. ఆమెన్ అన్నది ఆయన కాదు, వెనకనుంచి శాంతమ్మ. బెడ్‌పాన్ చేత్తో పట్టుకుని అంతసేపూ కదలకుండా నిలబడిందట. "ప్రార్థన మధ్యలో పెడితే బావుండదు గదా మేష్టారూ" అంది. నాన్న ఏడుస్తూనే నవ్వాడు.

జ్వరం ఆ రోజేమీ తగ్గలేదు. అద్భుతాలు చెప్పేవాళ్లు చెబుతారు గాని, నాకు జరిగింది అది కాదు. ఇంకా చాలా రోజులు అలాగే కాలింది. కాకపోతే ఆ రోజునుంచీ నాన్న తలవైపు కూర్చున్నాడు. ఊరికి కబురు పంపి అమ్మమ్మని పిలిపించాడు. "అత్తా, నా నోరు మంచిది కాదు, మనసులో పెట్టుకోకు" అన్నాడు. అమ్మమ్మ కొంగుతో కళ్లొత్తుకుని, "ఈసారి డాక్టరమ్మని అడక్కుండా మంచినీళ్లు కూడా పొయ్యను బాబూ" అంది. అన్నట్టే ప్రతి గ్లాసుకీ వెళ్లి అడిగి వచ్చేది. డాక్టరమ్మగారు విసిగిపోయారు.

అక్టోబరు

జ్వరం దిగింది, ఈసారి నిజంగా. మంచం పట్టె పట్టుకుని లేచి నిలబడితే కాళ్లు నావి కావన్నట్టు వణికాయి. పక్క మంచం మీద ఇబ్రహీంపట్నం ముసలమ్మ ఒకామె ఉండేది. చూడ్డానికి ఎవరూ వచ్చేవాళ్లు కాదు. "దాహం, దాహం" అని మూలుగుతుంటే, శాంతమ్మ దూరంగా ఉందని గ్లాసు తీసుకుని నేనే వెళ్లాను. నాలుగడుగులు వెయ్యడానికి చెమటలు పట్టాయి. ఆమె తల కింద చెయ్యి పెట్టి ఎత్తి తాగించాను. తాగి, కళ్లు తెరవకుండానే, "ఎవరి బిడ్డవో, చల్లగా ఉండు" అంది.

పిలుపు అంటే ఆకాశంలోంచి వినబడేదని అనుకునేదాన్ని. నాకు వినబడింది దాహం అన్న మాటే. ఆ తల బరువు నా చేతిలో ఉన్నప్పుడు, నేను ఎందుకు పుట్టానో, రెండుసార్లు ఎందుకు మిగిలానో తెలిసిపోయింది. ఎత్తుకున్న పిల్లని నేను. ఎత్తడమే నా పని.

ఇంటికి వెళ్లే రోజున నాన్నతో చెప్పాను, నర్సు పని నేర్చుకుంటానని. ఆయన మొహం మాడిపోయింది. "పరాయివాళ్ల మలమూత్రాలు ఎత్తడానికా నిన్ను బతికించుకుంది? బళ్లో కుర్చీ వేసుకుని కూర్చోవే తల్లీ." నేను ఎదురు చెప్పలేదు. కొత్తగా కుదిరిన సఖ్యం, గట్టిగా మాట్లాడితే విరుగుతుందేమోనని భయం.

డిసెంబరు, కోత పండుగ

మా సంఘాల్లో పంట ఇంటికి రాగానే కోత పండుగ చేస్తాం. మొదటి పంటలో కొంత ఎవరికి తోచింది వాళ్లు తెచ్చి బల్ల ముందు పెడతారు. ఆరాధన అయ్యాక వాటిని వేలం వేస్తారు. ఎవరైనా జబ్బునుంచి లేస్తే, బిడ్డ పుడితే, ఆ ఇంటివాళ్లు కృతజ్ఞత కానుక ప్రత్యేకంగా తెస్తారు.

అమ్మా అమ్మమ్మా కొత్త వడ్లు దంచుతుంటే నేను తవుడు ఎత్తి చేటలో పోశాను. పద్దెనిమిదేళ్ల నాటి చేట కాదులెండి, అది ఎప్పుడో చెదలు తినేసింది. అమ్మ చూసి, మళ్లీ రోకలి అందుకుంది. నన్ను కొన్న ధర ఏమిటో ఇప్పుడు నాకు తెలుసు. పుట్టినందుకు కృతజ్ఞత చెప్పాలంటే ఆ ధరే తీసుకెళ్లాలనిపించింది. నాన్న సంగతి బయటపెట్టాలని మాత్రం కాదు. ఆయన దాన్ని చూసి మళ్లీ మొహం తిప్పుకుంటాడేమోనని దారంతా అనుకుంటూనే నడిచాను.

బల్ల ముందు గుమ్మడికాయలు, అరటిగెలలు, కాళ్లు కట్టిన కోడిపుంజు, కొత్త బియ్యం. వాటి మధ్య నా చేట పెట్టి వచ్చి, నెత్తిన గుడ్డ సర్దుకుని కూర్చున్నాను. వేలం వేసేది సంఘపెద్ద దానియేలుగారు. హాస్యగాడు. కోడిపుంజు హుషారుగా పోయింది. గుమ్మడికాయలు పోయాయి. చేట దగ్గరికొచ్చి ఆగాడు.

"ఇదేంటర్రా, తవుడు! దేవుడికి తవుడు తెచ్చిన మహానుభావులెవరు?"

అందరూ నవ్వారు. నేను లేచి నిలబడ్డాను. "నాదండీ. కృతజ్ఞత కానుక."

నవ్వు ఆగిపోయింది. పెద్దవాళ్లందరికీ నా రెండో పేరు తెలుసు. అర్థం కానివాళ్లు ఎవరూ లేరు అక్కడ. అందరి చూపూ నాన్న మీదికి పోయింది. ఆయన తల వంచుకుని ఉన్నాడు. దానియేలుగారు ఇబ్బందిగా గొంతు సవరించుకుని, "గేదెలున్నవాళ్లెవరన్నా పాడండమ్మా" అన్నాడు. ఎవరూ పాడలేదు. "ఒకటోసారి" అన్నాడు. "రెండోసారి."

"నాది" అన్నాడు నాన్న.

లేచి ముందుకు వచ్చాడు. చొక్కా జేబులో ఉన్నదంతా తీసి కానుక పళ్లెంలో పెట్టాడు.

"తవుడుకి అంతెందుకు మేష్టారూ?"

నాన్న జనంవైపు తిరిగాడు. ప్రసంగం చేసే గొంతు కాదు, ఇంట్లో మాట్లాడే గొంతు. "మంగమ్మ ఎత్తుకుందని మీరందరూ అనుకుంటన్నారు. కాదు. నేనే ఎత్తుకున్నాను. నేనే అమ్మాను. ఈ తవుడు నేనే తీసుకున్నాను. మీకు దిష్టి మీదా తాయెత్తుల మీదా చెప్పిన నోరు ఇదే. దేవుడు నన్ను కొట్టడానికి ఈ పిల్లకి జబ్బు ఇచ్చాడనుకున్నాను. ఆయన కొట్టలేదు. మళ్లీ నా చేతిలో పెట్టాడు."

అంతవరకు చెప్పి ఆగిపోయాడు. కళ్లు తుడుచుకుని నా వైపు చూశాడు.

"పెంటమ్మా, చేట అందుకో. ఇంటికి పోదాం."

పుట్టిన ఇన్నేళ్లకి ఆ పేరుతో ఆయన నన్ను పిలిచాడు.

కాలువ గట్టు మీద నేనూ నాన్నా ఇద్దరం పక్కపక్కనే నడిచాం. గాలికి తవుడు రేగి ఆయన తెల్లచొక్కా నిండా పడింది, దులుపుకోలేదు. ఇల్లు కనబడుతుండగా, "ఆ నర్సు ట్రైనింగు ఎప్పుడు మొదలన్నావు?" అన్నాడు. తవుడు మా గేదె తినేసింది. ఆ పూట పాలు ఎక్కువ ఇచ్చిందని అమ్మమ్మ ఇప్పటికీ సాక్ష్యం చెబుతుంది.

ఇప్పుడు నేను కాన్పుల వార్డులో పనిచేస్తున్నాను. అప్పుడప్పుడు ఒక తల్లి వస్తుంది, ముందు ఇద్దర్నో ముగ్గుర్నో పోగొట్టుకుని. పుట్టిన బిడ్డని ముట్టుకోవడానికి కూడా భయపడుతూ గోడవైపు తిరిగి పడుకుంటుంది. బిడ్డని ఎత్తుకుని తుడిచి ఆమె పక్కన కూర్చుంటాను. "నీ పేరేంటమ్మా?" అని అడుగుతుంది. అందరికీ కృపమ్మనని చెబుతాను. ఆమెకి మాత్రం రెండో పేరు చెబుతాను. ఆ పేరు వినగానే ఆమె ఇటు తిరిగి నా మొహంలోకి చూస్తుంది. తర్వాత బిడ్డ కోసం రెండు చేతులూ చాపుతుంది.